మా అత్త ఒలకబోసిన ఎండాకాలం

డెబ్బై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో మా ఇంట్లో మరక పడని బట్ట ఒక్కటి మిగల్లేదు. పంచెలు, చీరలు, దిండు గలీబులు అన్నీ అయ్యాయి. ఆఖరికి గోడకు వేలాడే క్యాలెండరులో వెంకటేశ్వరస్వామి పాదాల మీద కూడా చారు చుక్కలు పడ్డాయి. ఆ రెండు నెలలూ మా ఇంట్లో నవ్వినంత మళ్ళీ ఎప్పుడూ నవ్వలేదు. నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను. కాకపోతే వాళ్ళు తెలియక నవ్వారు, నేను తెలిసి నవ్వాను. ఇన్నేళ్ళయినా ఆ తేడా నన్ను వదల్లేదు.

తిరుపతిలో గాంధీ రోడ్డు వెనక సందులో మా ఇల్లు. మా మామ దేవరాజులుకు సందు మొదట్లో పప్పుల అంగడి. తెల్ల పంచె, తెల్ల చొక్కా తప్ప ఇంకొకటి తొడిగే మనిషి కాదు. కందిపప్పు దుమ్ములో పొద్దంతా కూర్చున్నా సాయంత్రానికి మడత నలక్కుండా ఇంటికి వచ్చేవాడు. మా ఆయన జయరావు తండ్రితో పాటు అంగట్లోనే. మరిది పెంచలయ్య డిగ్రీ పరీక్షలు రాసేసి, ఫలితాలు వచ్చేదాకా తిని తిరగడం, అందరినీ ఆటపట్టించడం పనిగా పెట్టుకున్నాడు.

ఇక మా అత్త మునిరత్నమ్మ. శుభ్రం విషయంలో ఆవిడతో వేగడం దేవుడి తరం కూడా కాదు. నేను తోమిన చెంబును వాకిట్లోకి తీసుకుపోయి ఎండకు తిప్పి తిప్పి చూసేది. ఎక్కడో ఆవగింజంత చింతపండు పొట్టు కనిపిస్తే చాలు.

"ఐరాలలో ఇట్నే తోముతారా? దీంట్లో నీళ్ళు తాగితే మనిసి బతుకుతాడా?"

మా పుట్టిల్లు ఐరాల. నేను కాపురానికి వచ్చి అప్పటికి రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో మా అమ్మను, మా ఊరిని, మా బావి నీళ్ళను, నా నడకను, నేను ముగ్గు వేసే తీరును ఆవిడ అనని రోజు లేదు. మొదట్లో పెరట్లోకి పోయి ఏడ్చేదాన్ని. తర్వాత వినపడనట్టు ఉండడం నేర్చుకున్నాను. లోపల మాత్రం ఒళ్ళు మండిపోయేది.

ఉగాది దాటిన వారంలో ఒక మధ్యాహ్నం మామ అంగడి నుంచి వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. కుడిపక్కన కొడుకులిద్దరూ కూర్చున్నారు. అత్త పప్పుచారు గిన్నె పట్టుకుని వంగి గరిటెతో వడ్డించింది. అన్నంలో పడాల్సిన చారు విస్తరి అంచు దాటి నేరుగా మామ ఒళ్ళోకి పోయింది.

"ఓయమ్మా! కాలిపాయనే!" అంటూ మామ ఎగిరి లేచి నడవలో గుండ్రంగా తిరిగాడు. పంచె ఎత్తి పట్టుకుని ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటున్న ఆ పెద్దమనిషిని చూసి మా ఆయన నోట్లో ముద్ద బయటికి వచ్చింది.

పెంచలయ్య లేచి దగ్గరికి పోయి వంగి చూశాడు. "నాయనా, కదలద్దు. ఈ మరక అచ్చం సింహళం మాదిరి వుండాది. పైన ఈ సుక్క రామేశ్వరం."

"పోరా, నీ భూగోళం తగలెయ్య!"

అత్త ఒక క్షణం గరిటెను చూసి, తర్వాత నన్ను చూసింది. "ఆకును జరిపింది ఈమే. వడ్డించేటప్పుడు ఆకు జరపమని ఎవురు సెప్పినారే నీకు?"

నేను అప్పటికి ఆకుకు బారెడు దూరంలో మంచినీళ్ళ చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాను. అది అందరూ చూశారు. అయినా ఆవిడతో పెట్టుకునే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

అక్కడి నుంచి మా ఇంట్లో రోజుకొక దేశం వెలిసింది. మజ్జిగ కుండకు అత్త కాలు తగిలి వంటిల్లంతా పారితే, ఎండాకాలంలో కూడా పారే స్వర్ణముఖి మన ఇంట్లోనే ఉందని పెంచలయ్య అందరినీ పిలిచి చూపించాడు. పసుపు చేతిని తువ్వాలుకు తుడుచుకోబోయి పక్కన వేలాడుతున్న వాడి కొత్త చొక్కాకు తుడిచింది. ఒకరోజు బట్టలు జాడిస్తుంటే మోచెయ్యి తగిలి నీలిమందు డబ్బాకు డబ్బా బానలో పడిపోయింది. మామ పంచెలన్నీ ఆకాశం రంగుకు తిరిగాయి. వేరే పంచె లేక ఆయన దానితోనే అంగడికి పోతే, వచ్చినవాళ్ళంతా "ఏం దేవరాజులూ, ఏ పార్టీలో చేరినావప్పా?" అని అడిగి ఏడిపించారు.

తప్పులు మాత్రం నావి. మజ్జిగ కుండను దారిలో పెట్టింది నేను. తువ్వాలు అక్కడి నుంచి తీసేసింది నేను. నీలిమందు డబ్బాకు మూత పెట్టనిది నేను. ఇన్ని పనులు ఒక్కదాన్నే ఎప్పుడు చేశానో నాకే తెలిసేది కాదు.

కళ్ళ మీద ఎవరికీ అనుమానం రాలేదు. ఎలా వస్తుంది? సూదిలో దారం ఒక్క తూరికే ఎక్కించే మనిషి. చేటలో బియ్యం పోసుకుంటే గింజంత మెరికరాయిని కూడా వదలదు. వయసు మీద పడి చేతుల్లో పట్టు తప్పిందని మామ అనుకున్నాడు. పొద్దు వాలితే అత్తకు తలనొప్పి వచ్చేది. శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసుకుని పడుకునేది. అది పైత్యమని ఆవిడే చెప్పింది, మేమూ అదే అనుకున్నాం.

ఊరగాయ పెట్టేరోజు సంగతి బయటపడింది.

మిద్దె మీద చాప పరిచి అత్త పెద్ద తాంబాళం ముందు పెట్టుకుని కూర్చుంది. మామిడి ముక్కల్లో కారం, ఆవపిండి, ఉప్పు వేసి కలుపుతోంది. కుడిపక్కన నువ్వుల నూనె బిందె. నేను కింది నుంచి జాడీలు తెచ్చి చప్పుడు కాకుండా దించి, ఆవిడ కుడి మోచేతికి జానెడు దూరంలో కూర్చున్నాను. నోరు తెరిస్తే ఏదో ఒకటి అంటుందని మాట్లాడలేదు.

"సంతోసా!" అని నా పేరు పెట్టి కేక వేసింది. "యాడ సచ్చినావే? జాడీలు తెమ్మని ఎంతసేపాయ?"

నన్ను ఎగతాళి చేస్తోందనుకున్నాను. కానీ ఆవిడ మొహం తాంబాళం మీదే ఉంది. మళ్ళీ కేక వేసింది, ఈసారి మెట్ల వైపు తల తిప్పి. నేను మెల్లగా చెయ్యి ఎత్తి ఆవిడ చెవి పక్కన ఆడించాను. రెప్ప కూడా కదల్లేదు.

నూనె కోసం చెయ్యి చాచింది. వేళ్ళు బిందె మూతికి తగిలాయి, బిందె వొరిగింది. సేర్లకు సేర్లు నూనె మిద్దె మీద పారి నా చీర కుచ్చిళ్ళ కిందికి వచ్చింది. అత్త అలాగే బిగుసుకుపోయి, అరచేత్తో నేలను తడుముతూ బిందె కోసం వెతకసాగింది.

"అత్తా, నేను ఈడే వుండాను," అన్నాను.

ఆవిడ ఉలిక్కిపడి మొహం మొత్తం నా వైపు తిప్పింది. రెండేళ్ళలో ఆ మొహంలో భయం చూడడం అదే మొదటిసారి.

"ఎంతసేపట్నుంచి?"

"నువ్వు పిలవక ముందు నుంచి."

అత్త కొంగుతో చెయ్యి తుడుచుకుంది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "కుడికన్ను పూర్తిగా పోయినట్టుండాది. శివరాత్రి కాడ్నుంచి. ఎడమది బాగానే వుండాది గానీ, సాయంత్రమయ్యేసరికి లైటు సుట్టూ రంగురంగులుగా గాజులు పెట్టినట్టు కనపడతాది. అప్పుడే తల పగిలిపోతాది."

"మామకు చెప్పకుండా ఎందుకుండావు? వేలూరులో మంచి కంటి డాక్టరు వుండాడంట కదా. పక్కింటి చెంగమ్మత్త కూడా ఆడికే పోయొచ్చింది."

"చెప్పద్దు!" నా మణికట్టు పట్టుకుంది. ఆ చేతికి ఇంకా కారం, నూనె. "నీకు తెలీదే. మా అత్త కుప్పమ్మకు ముసలితనంలో కండ్లు పోయినాయి. అన్నం పెడితే సగం నేల మీద, సగం చీర మీద. చూసి చూసి నేనే ఆమెను బయట పంచలో గోనెపట్ట మీద కూర్చోబెట్టినాను. అన్నం, చారు, మజ్జిగ అన్నీ ఒక గిన్నెలో కలిపి ముందర పెట్టేదాన్ని. అయిదేండ్లు. పొయ్యి కాడికి రానీలేదు. ఒక్క పూట కూడా రానీలేదు."

"నిన్ను అట్ల కూర్చోబెట్టేది ఎవురత్తా?"

నా మొహంలోకి చూసింది. "నువ్వే."

నేను అలాంటిదాన్ని కాదని వెంటనే అనాలి. అనలేకపోయాను. రెండేళ్ళ మంట నా లోపల అలాగే ఉంది, అది ఆవిడకూ తెలుసు. పసుపుతాడు పట్టుకుని ఎవరికీ చెప్పనని ఒట్టు వేయమంది. వేశాను.

అంతలో పెంచలయ్య మిద్దె ఎక్కి వచ్చాడు. నూనెను చూసి చెయ్యి నడుం మీద పెట్టుకున్నాడు. "ఓయబ్బా! ఇది దేశం గాదు, సముద్రం. ఎవురి పని?"

"నాదే. కాలు తగిలింది," అన్నాను.

తిట్లు వస్తాయని వాడు తల్లి వైపు చూశాడు. అత్త ముక్కలు కలుపుతూ, "పోనీలేరా, ఎవురికైనా తగుల్తాది," అంది. వాడు నా వైపు తిరిగి కళ్ళు పెద్దవి చేశాడు.

ఆ రోజు నుంచి నా కాపురం మారిపోయింది. ఆవిడ వడ్డిస్తుంటే నేను కుడిపక్కన నిలబడి ఆకు అంచు ఎక్కడుందో గాజులు కదిలించి తెలియజేసేదాన్ని. దారిలో చెంబు ఉంటే కాలితో పక్కకు జరిపేదాన్ని. అయినా ఒలికితే నేనే ఒలకబోశానని చెప్పేదాన్ని. మా ఆయన, "నీ చేతులకు ఏమైందే?" అని విసుక్కునేవాడు. మామ ఏదో గొణిగేవాడు. అవి నాకు ఒక లెక్క కాదు. ఎందుకంటే అత్త నన్ను తిట్టడం మానేసింది. "తిన్నావా?" అని అడిగింది ఒకరోజు. ఇంకొకరోజు నన్ను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వి, మల్లెపూలు పెట్టింది. చెంగమ్మత్త వస్తే, "మా సంతోసం లేకుంటే నాకు పొద్దు పోదు," అంది. గోడ అవతల ఆ మాట విని నేను చేస్తున్న పని ఆపి నిలబడిపోయాను.

వేలూరు సంగతి ఇంకొక్కసారి ఎత్తాను. ఊరగాయలు అయిపోనీ అంది. ఊరగాయలు అయ్యాయి, వడియాలు పెట్టనీ అంది. వడియాలు ఎండి డబ్బాలకు ఎక్కాయి. నేను మళ్ళీ అడగలేదు. ఒట్టు వేశాను కదా అని నాకు నేను చెప్పుకున్నాను గానీ, అది అబద్ధం. అడిగితే ఆ డాక్టరు ఆవిడ కన్ను బాగు చేస్తాడేమో. బాగైతే ఆవిడ మళ్ళీ చెంబు ఎండకు ఎత్తి చూస్తుంది. నాకు ఆ సుఖం బాగుంది. అంతే.

గంగమ్మ జాతర దగ్గరపడింది. తిరుపతి వాళ్ళకు చెప్పక్కర్లేదు, చాటింపు వేశాక జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటి పోయి పొరుగూర్లో నిద్ర చేయకూడదు. మంగళవారం రాత్రి చాటింపు. సోమవారం పొద్దున అత్త పొయ్యి ముందు కూర్చుని రెండు చేతులతో తల పట్టుకుంది. పగటిపూట ఆ నొప్పి రావడం అదే మొదలు.

"ఈరోజే బస్సెక్కితే రేపు సాయంత్రానికి వచ్చేయచ్చత్తా," అన్నాను. అనక తప్పలేదు.

"జాతర కానీవే. అమ్మ విశ్వరూపం చూసి వచ్చినాక నేనే మీ మామకు చెప్తాను. నువ్వు కూడా తోడు రా."

"సరేలే అత్తా," అన్నాను. ఆవిడ మాట ముగించేలోపే అన్నాను.

జాతర వారమంటే ఊరంతా మరకే. మొక్కుకున్నవాళ్ళు బుధవారం ఒళ్ళంతా నామసుద్ద పూసుకుని బైరాగులవుతారు, గురువారం కుంకుమ, శుక్రవారం బొగ్గుపొడి. వీధిలో కనిపించినవాళ్ళను బూతులు తిడతారు, తిట్టించుకున్నవాళ్ళు నవ్వుతారు. డిగ్రీ గట్టెక్కాలని పెంచలయ్య మూడు వేషాలూ మొక్కుకున్నాడు. మా వాకిలి, గోడలు, బావి గట్టు మూడు రంగులూ అయ్యాయి. ఏ మరక ఎవరిదో తెలియని ఆ వారంలో అత్తకూ నాకూ ఊపిరి ఆడింది. ఆవిడ ఏం ఒలకబోసినా అది జాతర ఖాతాలోకే పోయింది.

శుక్రవారం మధ్యాహ్నం పెంచలయ్య నల్లగా, కళ్ళూ పళ్ళూ మాత్రం తెల్లగా, నడుముకు వేపమండలు కట్టుకుని లోపలికి వచ్చాడు. గుమ్మానికి రెండు అరచేతుల అచ్చు వేసి, "ఎవురే ముసిలీ లోపల?" అని కేక పెట్టాడు. పెరటి వైపు నుంచి వస్తున్న అత్త, కుడిపక్క నుంచి వచ్చిన కొడుకును చూడక నిండుగా వాడి రొమ్ముకు గుద్దుకుంది. ముక్కు, బుగ్గ, జాతరకని కట్టుకున్న కొత్త పచ్చ చీర అంతా మసి.

మామ కడుపు పట్టుకుని నవ్వాడు. మా ఆయన గోడకు ఆనుకుని కిందికి జారాడు. "అమ్మకు కూడా వేషం కట్టించినా సూడండబ్బా!" అని పెంచలయ్య చిందులు తొక్కాడు. నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా. ఎవరికీ అనుమానం రాకూడదని. అత్త కూడా నవ్వింది. నవ్వుతూనే కూర్చుంది, కూర్చుని కళ్ళు మూసుకుంది.

పొద్దు వాలకముందే వాంతులు మొదలయ్యాయి. నొప్పికి తలను గోడకేసి కొట్టుకుంది. ఎడమకన్ను మిరపపండు రంగుకు తిరిగింది. మామ భయపడి చెంగమ్మను పిలిచాడు. ఆమె గుమ్మంలో నిలబడి చూసి చెంపలు వేసుకుంది.

"ఇది గంగమ్మ పనేనప్పా. మసి వేషం కట్టినోడి ఒంటి మీద తల్లి వున్నప్పుడు ఈమె పోయి తగిలింది గదా. అపచారం. గుమ్మానికి వేపాకు కట్టండి. మందూ మాకూ ముట్టద్దు. డాక్టరును పిలిస్తే తల్లికి ఇంకా కోపమొస్తాది. మంగళవారం జాతర దినం పొంగలి పెడితే అదే దిగిపోతాది."

మామ గంగమ్మ గుడి వైపు తిరిగి చేతులు జోడించాడు. పెంచలయ్య ఒంటి మీద మసి కూడా కడుక్కోకుండా మూల నిలబడి ఏడుస్తున్నాడు. తన వల్లే జరిగిందని వాడి భయం.

నాకు తెలుసు అది అమ్మ పని కాదని. శివరాత్రి, లైటు చుట్టూ రంగులు, కుడికన్ను, అన్నీ నాకు తెలుసు.

"మామా," అన్నాను.

"ఏమ్మా?"

అత్త చెయ్యి తడుముకుంటూ వచ్చి నా మణికట్టు దొరకబుచ్చుకుంది. వదల్లేదు.

"వేణ్ణీళ్ళు పెట్టమంటావా అని," అన్నాను.

"పెట్టు తల్లీ," అన్నాడు మామ.

శని, ఆది, సోమ. వేపాకు నీళ్ళు, చన్నీళ్ళ గుడ్డ, మజ్జిగ. ఆవిడ మూలుగు వింటూ నేను అందరికీ వండి పెట్టాను. మా ఆయన ఒకసారి వంటింట్లోకి వచ్చి, "అమ్మకు నిజంగా ఏమైందంటావే? నువ్వు ఎప్పుడూ పక్కనే వుంటావు గదా," అన్నాడు. అప్పుడు కూడా చెప్పొచ్చు. కానీ ఇప్పుడు చెబితే ఎప్పటి నుంచి తెలుసని అడుగుతాడు. మొదట ఆవిడ కోసం దాచాను, తర్వాత నా సుఖం కోసం దాచాను, ఇప్పుడు దాచిన సంగతిని దాచాలి. "ఎండదెబ్బేమో," అన్నాను. ఆయన నమ్మి పోయాడు.

మంగళవారం జాతర. పొంగలి పెట్టాం. ఆ సాయంత్రానికి నొప్పి తగ్గింది. చెంగమ్మ చెప్పినట్టే తల్లి దిగిందని మామ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. బుధవారం తెల్లవారుజామున విశ్వరూపం అయిపోయింది, గుడి ముందు మట్టితో చేసిన అమ్మ రూపాన్ని తీసేసి ఆ మట్టిని పంచిపెట్టారు. మామ ఆ మట్టి తెచ్చి అత్త నుదుట పెట్టి అంగడికి పోయాడు.

ఎనిమిదింటప్పుడు నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. వంటింట్లో ఏదో దొర్లిన చప్పుడయింది. వచ్చి చూస్తే అత్త లేచి పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. పాలగిన్నె బోర్లా పడి ఉంది. పాలు ఆవిడ మోకాళ్ళ ముందు నుంచి గుమ్మందాకా పారాయి. అవతలి గుమ్మంలో పెంచలయ్య నిలబడ్డాడు. అయిదు రోజుల తర్వాత తల్లి పొయ్యి దగ్గర కనబడేసరికి వాడి మొహం వెలిగిపోతోంది.

"అమ్మా, లేచినావా! లేస్తానే మొదలుపెట్టినావే! ఇది ఏ దేశమో నువ్వే సెప్పు సూద్దాం."

అత్త నవ్వింది. పాల మీదికి వంగి, "యాడరా?" అంది.

పాలు ఆవిడ కళ్ళ ముందే ఉన్నాయి. కిటికీలోంచి ఎండ సరిగ్గా వాటి మీదే పడుతోంది.

"ఈడేమ్మా. నీ ముందరే."

"యాడ?" అని మళ్ళీ అడిగింది. వాడి గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది గానీ చూపు వాడి భుజం మీదుగా ఎటో పోయింది. వాడు నా వైపు చూశాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ మరకలకు పేర్లు పెట్టలేదు.

మర్నాడు మామ, నేను ఆవిడను తీసుకుని మొదటి బస్సులో వేలూరు పోయాం. డాక్టరు నడివయసు మనిషి, తమిళం కలిసిన తెలుగు. చిన్న లైటు వేసి రెండు కళ్ళూ చాలాసేపు చూశాడు. రెప్పల మీద వేలితో నొక్కాడు.

"ఇది నీటికాసులు పెద్దాయనా, కంటి లోపల ఒత్తిడి పెరిగే జబ్బు. కుడికన్ను నరం రెండు మూడు నెలల కిందే పోయింది. ఎడమకన్నుకు పోటు వచ్చి ఎన్ని రోజులైంది?"

"శుక్రవారం వచ్చింది సార్," అన్నాడు మామ.

"వెంటనే రావాల. ఆ రోజు వచ్చినా చుక్కల మందు వేసి, చిన్న ఆపరేషన్ చేసి నిలబెట్టేవాణ్ణి. ముందే వచ్చుంటే పోటే వచ్చేది కాదు. పోయిన చూపు మళ్ళీ రాదు." ఆయన లైటు ఆర్పి మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు. "ఇన్ని నెలలు ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

మామ తల అడ్డంగా ఊపుతూ నిలబడ్డాడు.

"ఎవురికీ తెలీదు సార్," అంది అత్త. "నేనే దాచిపెట్టినాను. మా కోడలు కూడా ఎరగదు."

తిరుగు బస్సులో మామ ముందు సీట్లో కూర్చున్నాడు. కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు గానీ భుజాలు కదలడం వెనక నుంచి తెలుస్తూనే ఉంది. అత్తా నేనూ వెనక సీట్లో. చిత్తూరు వచ్చింది, మనుషులు దిగారు, ఎక్కారు. బస్సు బయలుదేరిన తర్వాత ఆవిడ నా వైపు వంగింది.

"సంతోసా."

"ఆఁ, అత్తా."

"నేనైతే భయపడి చెప్పద్దన్నాను. నువ్వెందుకే చెప్పలేదు?"

ఒట్టు వేయించుకున్నది నువ్వే కదా అనొచ్చు. చాటింపు వేశారు కదా అనొచ్చు. డాక్టరు ముందు నా పరువు కాపాడిన మనిషికి ఆ మాటలు చెప్పడానికి నోరు రాలేదు. పాకాల దగ్గర పడేదాకా కిటికీలోంచి మామిడి తోటలు చూస్తూ కూర్చున్నాను. ఆవిడ మొహం నా వైపే ఉంచి, జవాబు కోసం అలాగే ఎదురుచూస్తోంది. చివరికి నిజమే చెప్పాను.

"నువ్వు నన్ను తిట్టకుండా వున్నావని, అత్తా."

ఆవిడ సీటు కమ్మీ మీద ఉన్న వేళ్ళు మెల్లగా విప్పి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత, నన్ను కాదు, తనను తానే అడుగుతున్నట్టు అడిగింది.

"అంత తిట్టినానా నేను?"

లేదత్తా అని ఒక్క మాట అని ఉండాల్సింది. బస్సు తిరుపతి చేరేదాకా నేను అనలేదు.